ఒక చింతపిక్కలో సగం: రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్స్ తగువులో ఒక కేసు

విజయవాడలో మేం కొందరం ఆదివారాలు మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుకుంటాం. మొగల్రాజపురంలో ఒక మేడ మీద హాలు, అయిదారు బల్లలు, గుంటూరు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే నలుగురైదుగురు. కొన్నేళ్లుగా నేను ఆడటం తగ్గించి రూల్స్ చూసే పని పెట్టుకున్నాను. బల్ల దగ్గర తేడా వస్తే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, నేను వెళ్లి జవాబు చెప్తాను.

ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. ఆ రోజు మొదటిసారి నేను ఇచ్చిన జవాబు సరైనదే, కానీ దానికి చెప్పిన కారణం తప్పు. ఆ తప్పు కారణాన్ని నమ్మి గంట తర్వాత ఒక కుర్రాడు బతికుండగానే ఆట వదిలేశాడు. ఆడినవాళ్లెవరో తెలియకుండా వివరాలు మార్చాను. కార్డులు, లెక్కలు మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఆట కమాండర్ పద్ధతి. నలుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి 100 కార్డుల డెక్, 40 లైఫ్ (ప్రాణం లెక్క). మా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో రమ్మీ చూసి పెరిగినవాళ్లు. రమ్మీలో జోకర్ని పక్కన పెడితే ముక్క విలువ ముక్కదే, రూల్స్ ముక్కల బయట ఉంటాయి. మ్యాజిక్‌లో ప్రతి కార్డూ తనతోపాటు ఒక రూలు తెచ్చుకుంటుంది. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ ఈ ఆట తెచ్చినప్పటి నుంచి ఏళ్ల తేడాతో అచ్చయిన కార్డులన్నీ ఇప్పుడు ఒకే బల్ల మీద కలుసుకుంటున్నాయి. ఒక కార్డు రాసినప్పుడు రెండోది పుట్టి కూడా ఉండదు. అవి రెండూ ఒకే సంఘటన మీద చెయ్యి వేసినప్పుడు ఏం చెయ్యాలన్నదే రూల్స్ పుస్తకంలో 616వ సెక్షన్.

రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్ అంటే ఏమిటో నేను రైలుతో చెప్తుంటాను. విజయవాడ మీదుగా చెన్నై నుంచి హైదరాబాద్ వెళ్లే రైలు ఒకటి ఉందనుకోండి. పట్టాల పని జరుగుతోందని దాన్ని తెనాలి దగ్గరే గుంటూరు, నడికుడి వైపు మళ్లించారు. అప్పుడు ఆ రైలు విజయవాడ వచ్చి వెళ్లిపోయింది అనం, అసలు రాలేదు అంటాం. ‘రైలు రాగానే ఎక్కుదాం’ అని ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లకి ఎక్కే అవకాశమే ఉండదు. రెస్ట్ ఇన్ పీస్ అనే కార్డు చేసేది ఇదే. గ్రేవ్‌యార్డ్‌కి (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్పకి) వెళ్లాల్సిన కార్డు ఏదైనా దానికి బదులు ఎక్సైల్‌కి, అంటే ఆట బయటికి, వెళ్తుంది. అది క్రీచర్ (జీవి) కార్డయితే, అది చావలేదన్నట్టే. ‘చచ్చినప్పుడు ఒక కార్డు తీసుకో’ లాంటి ట్రిగర్ (ఏదైనా జరగ్గానే దానంతటది పనిచేసే ఎఫెక్ట్) మోగదు. కార్డు మీద ‘బదులు’ అనే అర్థంలో మాట కనిపిస్తే అది మళ్లింపు. ‘అయినప్పుడల్లా’ అని ఉంటే అది ట్రిగర్. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే. మిగతా సగం, ఒకే రైలుకి రెండు మళ్లింపు ఆర్డర్లు వస్తే ఏది ముందు అన్నది.

వచ్చిన సమస్య

మధ్యాహ్నం మూడో బల్ల నుంచి చెయ్యి లేచింది. ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడిది పచ్చ డెక్. అతని ముందు రెండు ఎన్‌చాంట్‌మెంట్లు, అంటే బల్ల మీదే ఉండి పనిచేసే కార్డులు, ఉన్నాయి. హార్డెన్డ్ స్కేల్స్ వల్ల అతని క్రీచర్ మీద ప్లస్ వన్ కౌంటర్లు (క్రీచర్ బలాన్ని ఒక్కొక్కటి పెంచే గుర్తులు) ఎన్ని పెట్టాల్సి వస్తే వాటికి బదులు ఇంకొకటి ఎక్కువ పెట్టాలి. డబ్లింగ్ సీజన్ వల్ల ఒక ఎఫెక్ట్ అతని పర్మనెంట్ (బల్ల మీద నిలిచి ఉండే కార్డు) మీద ఎన్ని కౌంటర్లు పెడితే వాటికి బదులు రెట్టింపు పెట్టాలి. ఎదురుగా కూర్చున్న మేడమ్ దగ్గర వొరిన్‌క్లెక్స్ ఉంది, మాన్‌స్ట్రస్ రైడర్ అనే రకం. ఆవిడ ప్రత్యర్థులు ఎవరు కౌంటర్లు పెట్టినా సగమే పడతాయి, పైగా కింది అంకెకి దించాలి. 2005, 2014, 2021 సంవత్సరాల కార్డులు మూడు ఒకే క్రీచర్ మీదికి వచ్చి కూర్చున్నాయి.

కుర్రాడి స్పెల్ (మంత్రం కార్డు) ఒకటి అతని క్రీచర్ మీద ఒక్క కౌంటర్ పెట్టాలి. ఎన్ని పడతాయి?

నేను వెళ్లేసరికి బల్ల మీద మూడు జవాబులు ఉన్నాయి. మేడమ్ సున్నా అంటున్నారు. కుర్రాడు రెండు అంటున్నాడు. ఎర్ర డెక్ ఆడుతున్నాయన ఒకటి అంటున్నాడు. తెల్ల డెక్ ఆవిడ మాత్రం ఏమీ అనకుండా అందరి కార్డులూ తిప్పి చదువుతున్నారు. ముగ్గురి లెక్కా తప్పు కాదు. ఒక్కొక్కరు ఒక్కో వరుసలో చేశారు, అంతే.

వరుస ఎలా తేల్చాలన్నది వాళ్లలో వాళ్లే మూడు రకాలుగా ప్రయత్నించారు. మొదటిది, ముందు బల్ల మీదికి దిగిన కార్డు ముందు. ఈ ఆలోచన ఊరికే పుట్టింది కాదు. క్రీచర్ బలాన్ని, రంగును మార్చే కంటిన్యూయస్ ఎఫెక్ట్స్‌కి లేయర్లు (ఏది ఏ వరుసలో లెక్కించాలో చెప్పే అంచెలు) ఉంటాయి, అక్కడ టైమ్‌స్టాంప్, అంటే ఏది ముందు వచ్చిందన్న లెక్క, నిజంగానే పనిచేస్తుంది. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తెచ్చారు. రెండోది, చివర వచ్చింది ముందు, అంటే స్టాక్ (వేసిన స్పెల్స్ తమ వంతు కోసం ఒకదానిపై ఒకటి ఆగి ఉండే దొంతర) పద్ధతి. కానీ రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్ స్టాక్ మీదికి ఎక్కదు, దానికి ఎవరూ రెస్పాండ్ కాలేరు, సంఘటన జరిగేటప్పుడే దాన్ని మార్చేస్తుంది. మూడోది, ఎవరి టర్న్ అయితే వాళ్ల మాట. ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లు ఒకేసారి ఇలాంటి ఎంపిక చెయ్యాల్సి వస్తే టర్న్ ఆడుతున్నవాళ్లు ముందు చేస్తారు, అంతవరకే దాని పాత్ర. ఇక్కడ ఎంపిక చెయ్యాల్సింది ఒక్కరే.

నా మొదటి జవాబు

616.1 చెప్పేది ఇదీ. ఒక సంఘటనను రెండు మూడు రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్స్ మార్చాలని చూస్తుంటే, ఆ సంఘటన ఏ వస్తువుకి జరుగుతోందో దాని కంట్రోలర్ (ఇప్పుడు దాన్ని ఆడిస్తున్నవాళ్లు), లేదా ఏ ఆటగాడికి జరుగుతోందో ఆ ఆటగాడు, అందులో ఒకదాన్ని ఎంచుకుంటారు. దాన్ని వర్తింపజేస్తారు. మారిన సంఘటనను మళ్లీ చూస్తారు. ఇంకా ఏవైనా వర్తిస్తే మళ్లీ ఒకటి ఎంచుకుంటారు. ముందు చూడాల్సిన ప్రత్యేక కోవలు కొన్ని ఉన్నాయి. ఒక స్పెల్ తన ఫలితాన్ని తానే మార్చుకోవడం, కార్డు ఎవరి కంట్రోల్‌లో బల్ల మీదికి రావాలో మార్చడం, ఇంకోదాని కాపీగా రావడం, ఇలాంటివి. ఈ కేసులో అవేవీ లేవు.

కౌంటర్ పడేది కుర్రాడి క్రీచర్ మీద, కాబట్టి వరుస అతనిది. వొరిన్‌క్లెక్స్ మేడమ్‌దే అయినా అది ఎప్పుడు పనిచెయ్యాలో నిర్ణయించేది కుర్రాడే. ఒకటికి స్కేల్స్ వల్ల రెండు, సీజన్ వల్ల నాలుగు, వొరిన్‌క్లెక్స్ వల్ల మళ్లీ రెండు. జవాబు రెండు.

ఆ సమయానికి ఇంకో రెండు బల్లల దగ్గర చేతులు లేచి ఉన్నాయి. ‘రెండే. నీ కార్డులు కదా, నువ్వే ఎంచుకో’ అనేసి వెళ్లిపోయాను.

ఆ రెండో వాక్యం తప్పు. అక్కడ ఉన్న మూడు కార్డుల్లో ఒకటి అతనిది కానే కాదు, అంటే నేను చెప్పిన కారణం నా జవాబుకే సరిపోదు. రెండు కార్డులు అతనివి కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. మేడమ్ ముఖం మాత్రం ఒప్పుకున్నట్టు లేదు. ఆవిడ ఇంకో మాట అడిగేదాకా నేను ఆగి ఉండాల్సింది.

గంట తర్వాత

అదే ఆట. ఎర్ర డెక్ ఆయన కమాండర్, అంటే డెక్‌కి నాయకుడైన కార్డు, టోర్‌బ్రాన్. ఆయన ఎర్ర సోర్స్ (డ్యామేజ్ చేసే కార్డు) ఏదైనా ప్రత్యర్థికి డ్యామేజ్ చేస్తే దానికి రెండు కలుస్తాయి. బల్ల మీద ఆయనదే ఫర్నేస్ ఆఫ్ రాత్ కూడా ఉంది, అది ఏ డ్యామేజ్‌నైనా రెట్టింపు చేస్తుంది. కుర్రాడి లైఫ్ 9. ఆయన లైట్నింగ్ బోల్ట్ తీసి కుర్రాడి మీద వేశాడు. బోల్ట్ డ్యామేజ్ మూడు.

మూడుకి రెండు కలిపి రెట్టింపు చేస్తే 10. ముందు రెట్టింపు చేసి తర్వాత రెండు కలిపితే 8. ఒక వరుసలో కుర్రాడు ఆట నుంచి బయటికి పోతాడు, ఇంకో వరుసలో ఒక్క లైఫ్‌తో మిగులుతాడు.

ఎర్ర డెక్ ఆయన 10 అన్నాడు. కుర్రాడు ఎదురు చెప్పలేదు. ‘రెండూ అన్న కార్డులే కదా, అన్నే ఎంచుకోవాలి’ అని తనే అన్నాడట. నేను గంట క్రితం చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించి కార్డులన్నీ దగ్గరికి తీసుకుని కుర్చీ వెనక్కి జరిపాడు.

డ్యామేజ్ పడేది కుర్రాడికి. వరుస ఎంచుకోవాల్సింది కుర్రాడు. కార్డులు రెండూ ఎదుటివాళ్లవే అయినా సరే. అతను 8 ఎంచుకుని ఉండేవాడు.

నేను పక్క బల్లకి వెళ్తుంటే తెల్ల డెక్ ఆవిడ ఆపారు. ‘అండీ, ఇందాక క్రీచర్ ఎవరిదైతే వాళ్లు ఎంచుకున్నారు. మరి ఇప్పుడు దెబ్బ తగిలింది ఈ అబ్బాయికి కదా?’ అని అడిగారు. రూలు పుస్తకం చూడకుండానే ఆవిడ దాని సారం పట్టుకున్నారు.

వెనక్కి తిప్పాలా వద్దా

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒక ఆటగాడు వెళ్లిపోయాక ఆటను వెనక్కి తిప్పడం తేలిక కాదు. అతనితోపాటు అతని కార్డులన్నీ వెళ్లిపోతాయి. మిగతావాళ్లు ఆ ఖాళీని చూసి నిర్ణయాలు తీసేసుకుంటారు.

ముందుగా ఏం జరిగిపోయిందో చూశాను. బోల్ట్ తర్వాత ఎర్ర డెక్ ఆయన మేడమ్ మీదికి రెండు క్రీచర్లను దాడికి పంపాడు. బ్లాక్ చెయ్యడం ఇంకా మొదలు కాలేదు. ఎవరూ కొత్త కార్డు తియ్యలేదు, ఎవరి డెక్కూ కలపలేదు. కుర్రాడు బల్ల మీద కార్డులను, చేతిలో కార్డులను రెండు దొంతరలుగా పెట్టాడు, డెక్ మీద వెయ్యలేదు. ఇది మా అదృష్టం. బల్ల మీద ఏమేం ఉన్నాయో, వాటిలో ఏవి ట్యాప్ అయి (వాడినట్టు పక్కకి తిప్పి) ఉన్నాయో మిగతా ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. దాంతో వెనక్కి తిప్పాలని నిర్ణయించాను.

ఎంతవరకు తిప్పాలన్నది రెండో ప్రశ్న. డ్యామేజ్ పడే క్షణానికి తిప్పి, కుర్రాడు 8 ఎంచుకున్నాడని రాసి ముందుకు పోవచ్చు. అలా చేస్తే ఎర్ర డెక్ ఆయనకి అన్యాయం. ఆయన బోల్ట్ ఖర్చు పెట్టిందే 10 వస్తుందని, అలా అనుకోవడానికి కారణం నా మాట. తప్పు ఆటగాడిదైతే ఆ నష్టం అతను భరించాలి. తప్పు చెప్పింది నేనైనప్పుడు ఆయన చేత ఎందుకు భరింపజెయ్యాలి? అందుకే బోల్ట్ వెయ్యకముందుకు తిప్పాను. కార్డు ఆయన చేతిలోకి, ట్యాప్ చేసిన ల్యాండ్ (స్పెల్ ఖర్చు ఇచ్చే కార్డు) మళ్లీ నిటారుగా, దాడి రద్దు, కుర్రాడి లైఫ్ 9.

ఎర్ర డెక్ ఆయన ఒప్పుకున్నాడు కానీ ఒక మాట అన్నాడు. ‘బోల్ట్ నా చేతిలోకి వచ్చింది సరే. నా చేతిలో బోల్ట్ ఉందని ఇప్పుడు ముగ్గురికీ తెలిసిపోయింది కదండీ.’ నిజమే. ఆ సమాచారాన్ని వెనక్కి తియ్యడం నా చేతుల్లో లేదు. నలుగురి ముందూ ఆయనకి క్షమాపణ చెప్పాను. అక్కడ నేను చెయ్యగలిగింది అంతే.

ఆయన ఆ బోల్ట్‌ని కుర్రాడి మీద వెయ్యలేదు. రెండు టర్న్‌ల తర్వాత మేడమ్ క్రీచర్ మీద వేశాడు.

ఏది పనిచేసింది

ఆట అయ్యాక నలుగురినీ కూర్చోబెట్టాను. 616.1 చదివి వినిపిస్తే తలలు ఊపుతారు, ఇంటికి వెళ్లేలోపు మర్చిపోతారు. అంతకుముందు చాలాసార్లు అలాగే జరిగింది. ఈసారి సంచిలోంచి చింతపిక్కలు తీశాను. వామనగుంటలకి ఇంట్లో దాచినవి, బల్లల దగ్గర కౌంటర్లుగా నేను అవే వాడతాను.

కుర్రాడి క్రీచర్ మీద ఒక్క పిక్క పెట్టబోతున్నట్టు చేత్తో పట్టుకోమన్నాను. ‘ముందు వొరిన్‌క్లెక్స్ చెయ్’ అన్నాను. ఒకటిలో సగం, కిందికి దించితే సున్నా. పిక్క నా చేతిలో పెట్టేశాడు. ‘ఇప్పుడు స్కేల్స్ చెయ్’ అన్నాను. ఖాళీ వేళ్లు చూసుకున్నాడు. ‘కలపడానికి ఏముందన్నా? అసలు పెట్టడమే లేదు కదా’ అన్నాడు. సరిగ్గా అదే. స్కేల్స్ మీద ‘ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెట్టాల్సి వస్తే’ అని ఉంది. పెట్టడమే లేనప్పుడు అది వర్తించదు, సీజన్ కూడా వర్తించదు. మేడమ్ చెప్పిన సున్నా ఇక్కడి నుంచి వచ్చింది.

తర్వాత ముందు సీజన్, ఆపైన స్కేల్స్, చివర వొరిన్‌క్లెక్స్. రెండు పిక్కలు, మూడు పిక్కలు, మూడులో సగం ఒకటిన్నర, దించితే ఒకటి. ఎర్ర డెక్ ఆయన జవాబు అది. ఇలా ఆరు వరుసలూ పిక్కలతో ఆడి చూశాం. రెండింటిలో సున్నా, ఒకదానిలో ఒకటి, మూడింటిలో రెండు వచ్చాయి. ‘స్కేల్స్ మళ్లీ ఒకసారి చెయ్యొచ్చా?’ అని కుర్రాడు అడిగాడు. కుదరదు. ఒక సంఘటన ఎన్నిసార్లు రూపం మారినా ఒక ఎఫెక్ట్‌కి దాని మీద ఒక్కటే అవకాశం. ఫర్నేస్ ఆఫ్ రాత్ రెండు ఉంటే బోల్ట్ డ్యామేజ్ మూడు నుంచి 12 అవుతుంది, అక్కడితో ఆగుతుంది. ఒక్క మినహాయింపు కమాండర్‌ది. దాన్ని ఓనర్ చేతిలోకో డెక్‌లోకో పంపాల్సి వచ్చినప్పుడు కమాండ్ జోన్‌కి (కమాండర్ ఉండే ప్రత్యేక చోటికి) మళ్లించే రూలు ఒకే సంఘటన మీద ఒకటికన్నా ఎక్కువసార్లు వర్తించొచ్చు.

పిక్కలు వరుస ఎందుకు ముఖ్యమో చూపించాయి. వరుస ఎవరిదన్నది చూపించడానికి ‘ఎవరి కార్డు’ అనే మాటను పూర్తిగా పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. ఎవరికి జరుగుతోంది? తెలుగులో ఆ ‘కి’ ఎక్కడ పడితే అక్కడే జవాబు ఉంటుంది. క్రీచర్‌కి కౌంటర్ పడుతోంది, కాబట్టి క్రీచర్ కంట్రోలర్. కుర్రాడికి డ్యామేజ్ తగులుతోంది, కాబట్టి కుర్రాడు.

ఇలా ఎందుకు పెట్టారని మేడమ్ అడిగారు. రూల్స్‌లో కారణం రాసి ఉండదు. నాకు అర్థమైనంతలో, ఎఫెక్ట్స్ నలుగురి దగ్గర నుంచీ రావచ్చు, కార్డుల యజమానులను అడిగితే నలుగురూ నాలుగు మాటలంటారు. దెబ్బ తగిలే చోటు మాత్రం ఒక్కటే, అక్కడ నిర్ణయించేవాళ్లు కూడా ఒక్కరే దొరుకుతారు. డ్యామేజ్ ఆపే ప్రివెన్షన్ ఎఫెక్ట్స్ కూడా ఇదే వరుసలోకి వస్తాయి. మీ మీదికి మూడు డ్యామేజ్ వస్తోంది, ఫర్నేస్ ఉంది, మూడు డ్యామేజ్ ఆపే కవచం మీ దగ్గర ఉంది. కవచం ముందు పెట్టుకుంటే సున్నా. ఫర్నేస్‌ని ముందు పోనిస్తే ఆరు అయ్యి, మూడు ఆగి, మూడు తగులుతుంది. ఎంచుకునేది మీరే.

అర్థమైందా లేదా తెలుసుకోవడానికి అక్కడ ఆడని కార్డు ఒకటి తీశాను. డార్క్‌స్టీల్ కొలోసస్. గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లాల్సి వస్తే దానికి బదులు దాన్ని చూపించి ఓనర్ డెక్‌లో కలిపేయాలి. బల్ల మీద తెల్ల డెక్ ఆవిడ రెస్ట్ ఇన్ పీస్ ఉంది, అది ఎక్సైల్ చెయ్యమంటుంది. కొలోసస్ కుర్రాడిది, మేడమ్ దాన్ని కంట్రోల్‌లోకి లాక్కున్నారు, లాక్కుని శాక్రిఫైస్ చేశారు, అంటే తామే గ్రేవ్‌యార్డ్‌కి పంపబోయారు. డెక్‌లోకా, ఎక్సైల్‌కా? ఎవరు చెప్పాలి?

ఎర్ర డెక్ ఆయన వెంటనే కుర్రాడి పేరు చెప్పాడు, కార్డు అతనిది కదా అని. కుర్రాడు కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. ‘నా కార్డే. కానీ ఇప్పుడు అది మేడమ్ దగ్గర ఉంది. కొలోసస్‌కి జరుగుతోంది, కొలోసస్ కంట్రోలర్ మేడమ్. మేడమ్ ఎక్సైల్ అంటే ఎక్సైలే.’ అదే కార్డు అతని చేతిలోంచి డిస్కార్డ్ అవుతుంటే అని అడిగాను. చేతిలో ఉన్న కార్డుకి కంట్రోలర్ ఉండడు, అప్పుడు ఓనరే చెప్పాలి అన్నాడు. అది నేను అతనికి చెప్పని సంగతి.

ఆ తర్వాత నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎన్ని చేతులు లేచినా జవాబు చెప్పగానే బల్ల వదలను. చెప్పిన కారణాన్ని అక్కడున్న ఒకరి చేత ఇంకో కార్డు మీద చెప్పించుకుంటాను. అర నిమిషం పడుతుంది. ఆ రోజు ఎర్ర డెక్ ఆయన చేత ఒక్క డ్యామేజ్ ఉదాహరణ చెప్పించి ఉంటే నా మాటలో తప్పు అక్కడే బయటపడేది.

జవాబు నచ్చనివాళ్ల వైపు కూడా చూస్తున్నాను. గెలిచినవాళ్లకి కారణంతో పని ఉండదు, ఓడినవాళ్లే దాన్ని పరీక్షిస్తారు. వొరిన్‌క్లెక్స్ మేడమ్ ఆ రోజు అడగకుండా ఆగిపోయిన ప్రశ్న ఏమిటో తర్వాత ఆవిడనే అడిగాను. ‘మరి నా కార్డుని ఎప్పుడు వాడాలో కూడా ఆ అబ్బాయే ఎలా చెప్తాడు, అని అడుగుదామనుకున్నానండి. మీరు కంగారులో ఉన్నారని ఊరుకున్నాను’ అన్నారు.

వెనక్కి తిప్పడం విషయంలో మాత్రం నాకు ఇంకా పూర్తి నిశ్చయం లేదు. బోల్ట్ వెయ్యకముందుకు తిప్పడం వల్ల కుర్రాడికి ఒక లైఫ్ మిగలాల్సిన చోట తొమ్మిదీ మిగిలాయి. అతను ఆ ఆట గెలవలేదు, తెల్ల డెక్ ఆవిడ గెలిచారు. గెలిచి ఉంటే ఎర్ర డెక్ ఆయన ముందు నా నిర్ణయాన్ని సమర్థించుకోవడం ఇంకా కష్టమయ్యేది. అయినా అదే పరిస్థితి మళ్లీ వస్తే, తప్పు నాదైతే, అక్కడికే తిప్పుతాను.